బిసేసర్ పెళ్ళాం బతికే ఉందా?

సుమింత్రా భయస్తురాలని మా దీవిలో, సావుసావు మార్కెట్లో తెలియనివాళ్ళు లేరు. దాలో దుంపలు కుప్పలుగా పేర్చుకుని కూర్చునేది. ఎవరైనా పక్కనుంచి కాస్త గట్టిగా "బూలా" అని పలకరిస్తే చాలు, చేతిలో దుంప నేలమీద ఉండేది. చేపల బల్లల దగ్గరి కుర్రాళ్ళు దాన్ని ఆటగా పెట్టుకున్నారు. నేను నోరు చేసుకున్నాక మానేశారు. నాది పక్క బల్ల. వంకాయలు, పచ్చిమిరపకాయలు, బెలే ఆకు. ఆమెతో పక్కపక్కన కూర్చుని నా జుట్టు నెరిసింది.

భయానికి కారణం కూడా ఊరికి తెలుసు. సైన్యం మొదటిసారి తిరుగుబాటు చేసి ప్రభుత్వాన్ని దించిన దానికి ముందరి ఏడు ఆమె మొగుడు బిసేసర్ ఆమెను రోకలితో కొట్టాడు. అంతకుముందు కూడా కొట్టేవాడు. చెయ్యి ముందు, మాట తర్వాత అన్నట్టుండే మనిషి. ఈసారి నెత్తి పగిలింది. కొండ అవతల లంబాసా ఆసుపత్రిలో ఆమె తెలివి లేకుండా పడి ఉండగా, బిసేసర్ పడవ సముద్రంలో పగడపు దిబ్బల మీద ఖాళీగా దొరికింది. మనిషి దొరకలేదు. పోలీసులు చెయ్యని పని సముద్రం చేసిందని అనుకున్నారు. ఆమె గుండు తలతో ఇంటికి వచ్చేసరికి తెల్లచీర మడతపెట్టి సిద్ధంగా ఉంది.

అప్పటినుంచి అత్త ధన్‌రాజీ, తాను. వేడినీటి బుగ్గలకు పైన, గుట్టమీద రేకుల ఇల్లు. పిల్లలు లేరు. బా అనే ఊరినుంచి అన్నలు వచ్చి తీసుకుపోతామంటే సుమింత్రా వెళ్ళలేదు. ఆసుపత్రి నుంచి వచ్చాక ఏడాదిపాటు చెయ్యి వణికి ముద్ద నోటికి చేరేది కాదట. ధన్‌రాజీ కలిపి పెట్టింది. "కన్నతల్లి కూడా నాకు అంతకాలం తినిపించలేదక్కా" అంది ఒకసారి.

ఇంకోసారి నేనే అడిగాను. "పోయినవాడికి ఇంకా భయమేమిటే?"

"శవం దొరకలేదక్కా. దొరకనివాడు ఎక్కడైనా ఉండొచ్చు."

నేను నవ్వేశాను. ఆమె నవ్వలేదు.

* * *

మా చిన్నాన్న కొడుకు సన్యాసి లంబాసా బస్సు నడుపుతాడు. పెళ్ళాం పోయి ఆరేడేళ్ళయింది. కూతుళ్ళిద్దరూ పెద్దదీవిలో, సువా పట్నంలో కాపురాలు. మనిషి నల్లగా, పొట్టిగా, గంగాళంలాంటి గొంతుతో ఉంటాడు. సుమింత్రా దుంపల బస్తాలతో గుట్టకింద నిలబడితే, బస్సు ఆపి తానే దిగి బస్తాలు ఎక్కించేవాడు. మిగతా ఆడవాళ్ళ బస్తాలు కూడా ఎక్కించేవాడు గాని, అవి కొంచెం విసిరినట్టు పడేవి. ఆ తేడా ముందు కనిపెట్టింది నేనే.

ఒక వానరోజు ఆమె లంబాసాకు దుంపలు తీసుకుపోతుంటే కొండమీద, మబ్బు కమ్మిన మలుపులో బస్సు ఆగిపోయింది. ఎక్కినవాళ్ళంతా వెనక వచ్చిన కలప లారీ ఎక్కి పోయారు. సుమింత్రా మాత్రం బస్తాలు వదిలిపెట్టలేక ఉండిపోయింది. మరమ్మతు వాళ్ళు వచ్చేదాకా సన్యాసి ఆమెకు దూరంగా, వెనక సీటులో కూర్చున్నాడట. దగ్గు వచ్చినా ముందు "దగ్గుతున్నానమ్మా" అని చెప్పి దగ్గాడట. తన డబ్బాలోని రొట్టె, టిన్ను చేపల కూర సగం తీసి సీటు మీద పెట్టి మళ్ళీ వెనక్కి పోయి కూర్చున్నాడు. ఆమె తిన్నది.

మరునాడు నాతో అంది, "మీ తమ్ముడు దగ్గేముందు చెప్తాడేమిటక్కా?" అని. చెబుతూనే నవ్వింది. పక్కన ఇన్నేళ్ళుగా కూర్చున్నాను, ఆమెకు కుడివైపు పన్ను మీద పన్ను ఉందని నాకు ఆ రోజే తెలిసింది.

ఏడాది గడిచింది. సన్యాసి నా ఇంటికి వచ్చి నంగోనా వేళ్ళ రసం గిన్నె ముందు తల దించుకుని కూర్చున్నాడు.

"అప్పా, ఒక మాట అడిగి పెట్టు. నాను అడిగితే బెదిరిపోద్ది."

"ఏటిరా, సన్యాసికి పెళ్ళా? పేరు మార్చుకుని రా ముందు."

"పేరు పెట్టింది మన పెద్దలు. నన్నంటావేటి?"

నేను అడిగాను. సుమింత్రా రెండు మార్కెట్ రోజులు నాతో మాట్లాడలేదు. మూడోసారి దుంపలు సర్దుతూ, నా మొహం చూడకుండా, "అమ్మ ఒప్పుకుంటే" అంది. అమ్మ అంటే అత్త ధన్‌రాజీయే.

అమ్మ ఒప్పుకోలేదు. కారణమూ చెప్పలేదు. అన్నం మానేసి గోడవైపు తిరిగి పడుకుంది. చాకిరీ చేసే మనిషి పోతుందని ముసలిదానికి దిగులని ఊరంతా అంది, నేనూ అన్నాను. వారం తిరిగేసరికి ధన్‌రాజీ కబురు పంపింది, నన్ను కూడా రమ్మని.

* * *

మధ్యాహ్నం పూట వెళ్ళాను. కింద బుగ్గల పొగ గుట్ట సగందాకా లేచి ఉంది. ధన్‌రాజీకి ఎనభై దాటాయి, కళ్ళకు పొర కమ్మింది. చాపమీద కూర్చుని ఉంది. సుమింత్రా గడప దగ్గర నిలబడింది.

"నర్సమ్మా, నువ్వు కూర్చో. సాక్షివి. సుమింత్రా, నువ్వు కూడా కూర్చో, నిలబడి వినే మాట కాదు."

కూర్చున్నాం.

"నా కొడుకు చావలేదు" అంది ధన్‌రాజీ.

 ఆమె తన చేతుల్నే చూసుకుంటున్నట్టు తల వంచి చెప్పుకుపోయింది.

"ఆ సాయంత్రం నేను వంటింట్లోకి వచ్చేసరికి నువ్వు కింద ఉన్నావు. వాడు రోకలి పట్టుకుని నిలబడే ఉన్నాడు. నీ ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి ఉంది, దారమంత. ఉందని చెబితే ఇంకొకటి వేస్తాడు. వాడి కళ్ళు అట్లా ఉన్నాయి. పోయింది, చంపేశావురా అన్నాను. అప్పుడు రోకలి జారవిడిచాడు. పోలీసులు ఉరి తీస్తారు, పారిపో అన్నాను. మా తమ్ముడు రాంఔతార్ కొబ్బరి ఓడ మీద సరంగుగా ఉండేవాడు కదా, దిబ్బల అవతల వాడిని ఎక్కించుకున్నాడు. పడవని నీళ్ళమీద వదిలేశారు. ఆ తర్వాతే నేను కేకలు పెట్టి జనాన్ని పిలిచాను."

"ఎక్కడున్నాడు?" సుమింత్రా గొంతు నాకు కొత్తగా వినిపించింది.

"లావ్ దీవుల్లో, చివర ఎక్కడో. పేరు మార్చుకున్నాడు. కైవీతి ఆడదాన్ని, ఆ నేలవాళ్ళ పిల్లని, కట్టుకున్నాడు. తమ్ముడు ఉన్నన్నాళ్ళూ కబురు తెచ్చేవాడు. వాడు పోయాక అదీ లేదు."

"మరి నేను?"

"నువ్వు చచ్చిపోయావు. వాడి లెక్కలో."

సుమింత్రా లేచింది. ఏడుస్తుందనుకున్నాను, ముసలిదాని మీద పడుతుందనుకున్నాను. పట్టపగలు, ఎండ కాస్తుండగా వెళ్ళి తలుపు వేసి గడియ పెట్టింది. పెట్టి, గడియ మీద చెయ్యి ఉంచుకుని అట్లాగే నిలబడిపోయింది.

"బతికున్న మనిషి కోసం నా చేత తెల్లబట్ట కట్టించావు" అంది తలుపుతోనే చెబుతున్నట్టు.

"కట్టించాను. నువ్వు విధవలా ఉంటేనే వాడు పోయాడని ఊరు నమ్ముతుంది. ఊరు నమ్మితే వెతికేవాళ్ళుండరు. వెతికేవాళ్ళు లేకపోతే నువ్వున్నావని వాడికి తెలియదు."

"ఇప్పుడెందుకు చెప్పావు? నోరు మూసుకుని చావలేకపోయావా?"

ఆ మాట సుమింత్రా నోటినుంచి వచ్చిందంటే నేను ఇప్పటికీ నమ్మలేను.

"చావాలనే చూశాను" అంది ధన్‌రాజీ. "వారం తినలేదు. ప్రాణం పోలేదు. మొగుడు బతికుండగా నువ్వు అగ్ని చుట్టూ తిరిగితే ఆ పాపం నీకు చుట్టుకుంటుంది. నీకు తెలియకుండా నీ నెత్తిన ఇంకో బరువు పెట్టలేను. ఇదివరకు పెట్టింది చాలు."

* * *

సన్యాసికి నేనే చెప్పాను, బస్టాండులో, ఖాళీ బస్సులో. స్టీరింగు మీద చేతులు పెట్టుకుని విన్నాడు.

"కాగితాల మీద వాడు పోయాడు కదా అప్పా. కోర్టే పోయాడంది. మన నలుగురికీ తప్ప ఎవరికీ తెలీదు."

"ఆవిడకి తెలుసు కదరా."

లంబాసాలో లాయరుని నేనే వెళ్ళి అడిగాను, ఆయనా అదే చెప్పాడు. తెలియక చేసుకుంటే వేరు, తెలిసి విధవనని సంతకం పెడితే నేరం. విడాకులు పెద్ద కష్టం కాదు. కానీ అతను బతికున్నాడని కోర్టుకు చెప్పాలి, నోటీసు అతని చేతికే అందాలి.

అంటే సుమింత్రా బతికే ఉందని బిసేసర్‌కి చెప్పాలి. ఇన్నాళ్ళూ ఆమెను కాపాడింది ఆ ఒక్క అబద్ధం. దాన్ని చేతులారా తీసి అవతల పెడితే తప్ప ఈ పెళ్ళి లేదు.

ఆమె వద్దంది. "నాకు పెళ్ళి వద్దక్కా. మీ తమ్ముడిని నా దారిలో బస్సు ఆపొద్దని చెప్పు."

చెప్పాను. వాడు మాత్రం రోజూ గుట్టకింద బస్సు ఆపేవాడు. తలుపు తెరిచేవాడు. ఎవరూ ఎక్కేవాళ్ళు కాదు. కాసేపు చూసి తలుపు మూసేవాడు.

"సన్యాసీ, ఎవరూ లేరక్కడ! ఏ దేవుడికి దణ్ణం?" అని వెనకనుంచి అరిచేవాళ్ళు.

"ఇంజనుకి ఊపిరి ఆడాల" అనేవాడు.

సుమింత్రా బస్తాలు వీపున వేసుకుని నడిచి వచ్చేది. మనిషి చిక్కిపోయింది. ఓడ కూత వినిపిస్తే బల్ల కిందకి వంగి ఏదో వెతుకుతున్నట్టు చేసేది. టోపీ పెట్టుకున్న ప్రతి మగవాడి వెనకా ఆమె చూపు పరిగెత్తేది. నోటీసు వెళ్ళనే లేదు, వాడికి ఏమీ తెలియదు, అయినా అంతే. భయానికి ఇప్పుడు దీవి ఉంది, ఓడ దారి ఉంది, ఊపిరి పీల్చే మనిషి ఉన్నాడు. చచ్చినవాడిని తలచుకుని వణకడానికీ దీనికీ చాలా దూరం.

ఒకరోజు దుంపల మట్టి దులుపుతూ దులుపుతూ ఆగిపోయింది.

"అక్కా, అతను వస్తే నన్ను చంపుతాడేమోనని భయం. రాకపోతే ఇట్లాగే ఉంటాను, ఇది ఇంకో భయం. ఈ రెండో భయానికి చివర లేదు."

"మరేం చేద్దామంటావే?"

"లాయరు దగ్గరికి నువ్వు కూడా వస్తావా?"

మరునాడు గుట్టకింద బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. ఆమె ఎక్కింది. బస్సులో ఒక్కరూ నోరెత్తలేదు. సన్యాసి గేరు వెయ్యబోయి హారన్ కొట్టాడు.

* * *

రాంఔతార్ పాత ఓడవాళ్ళను అడిగి దీవి, కొత్త పేరు లాయరు కనుక్కున్నాక నోటీసు ఓడలో పోయింది. ఆ ఓడ ఎప్పుడు తిరిగి వస్తుందో దానికే తెలియదు. గాలి బాగుంటే ఒకలాగ, తుఫాను ఉంటే ఇంకొకలాగ. సుమింత్రా ఇంటి తలుపుకు రెండో గడియ వేయించింది. బావి దగ్గరికి పోయినా దుంపల తలలు కోసే కత్తి చంకలో ఉండేది. అత్తతో మాటలు లేవు. వండి పెట్టడం, స్నానం చేయించడం, తల దువ్వడం మాత్రం ఆగలేదు. "నీళ్ళు వేడిగా ఉన్నాయా?" అని కూడా అడిగేది కాదు, చెంబులో వేలు పెట్టి చూసుకుని పోసేది.

ఓడ ఒక శనివారం వచ్చింది. మార్కెట్ కిక్కిరిసి ఉన్న పూట.

నేను అతన్ని గుర్తుపట్టలేదు. పొడుగాటి ముసలి మనిషి, ఎండకు కమిలిన మెడ, కైవీతి వాళ్ళలా పూల చొక్కా, భుజాన తాటాకు సంచి. భుజాలు మాత్రం ఇంకా బండలాగే ఉన్నాయి. వరసగా బల్లలు చూసుకుంటూ వచ్చి మా ముందు ఆగాడు. సుమింత్రా తల ఎత్తి చూసింది. ఆమె మెడలో నరం ఎగిరిపడటం నాకు కనిపించింది. అప్పుడు తెలిసింది నాకు, ఇతనెవరో.

అతను ఆమెనే చూస్తున్నాడు. చూస్తూ అడిగాడు. మన మాట చాలాకాలం మాట్లాడని మనిషిలా తడుముకుంటూ అడిగాడు.

"అమ్మా, ఇక్కడ సుమింత్రా అని... బిసేసర్ పెళ్ళాం. ఆవిడ బతికే ఉందంటున్నారు. నిజమా?"

ఎదురుగా నిలబడి ఆమెనే అడుగుతున్నాడు. అతను ఎరిగినది ముప్పై ఏళ్ళ పిల్ల. ఈ తెల్లచీర ముసలమ్మ అతనికి ఎవరో దుంపలమ్మే మనిషి.

సుమింత్రా పెదవులు కదిలాయి. "లేదు. పోయింది. ఎప్పుడో" అంది.

అతను తల ఊపాడు. ఆ మాట ముందే తెలుసన్నట్టు, ఎవరో ఆటపట్టించారన్నట్టు. సంచి సర్దుకుని వెనక్కి తిరిగాడు. చేపల బల్లల వైపు నడిచాడు. నేను సుమింత్రా చెయ్యి పట్టుకున్నాను.  ఊరుకో, పోనీ, అని నొక్కాను. పోతున్నాడు కదా. ఇంకాస్త దూరం పోతే జనంలో కలిసిపోతాడు. నోటీసు అబద్ధమనుకుని ఓడెక్కుతాడు. మళ్ళీ రాడు.

ఆమె నా చెయ్యి విదిలించుకుంది.

"బిసేసర్!"

మొగుడి పేరు ఆమె పుట్టి బుద్ధెరిగాక పలకలేదు. కాపురం చేసినప్పుడూ పలకలేదు, పోయాడనుకున్నప్పుడూ పలకలేదు. ఇప్పుడు మార్కెట్టంతా వినపడేలా అరిచింది.

అతను తిరిగాడు.

"నేనే" అంది. కత్తి ఆమె చేతిలో ఉంది, కానీ ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు. రెండో చేత్తో చీర చెంగు వెనక్కి లాగింది. నుదుటి పైన, జుట్టు మొలవని చోట, దెబ్బ గుర్తు.

నేను అతని మొహాన్ని చూశాను. అంత పెద్ద మనిషి వెనక్కి తూలాడు. పక్కనున్న కసావా దుంపల బుట్టను పట్టుకోబోయి బుట్టతో సహా కూలబడ్డాడు. దుంపలు దొర్లిపోయాయి. "రామ్ రామ్" అంటూ వెనక్కి వెనక్కి జరుగుతున్నాడు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే. దెయ్యాన్ని చూసిన పిల్లాడిలా.

"నువ్వు పోయావని... అమ్మ చెప్పింది. అమ్మ నా ముందే నీ ముక్కు దగ్గర వేలు పెట్టి..."

చెబుతూ చెబుతూ ఆగాడు. మొహంలోంచి భయం మెల్లగా దిగిపోయింది. దాని వెనకనుంచి ఇంకొకటి పైకొచ్చింది. సుమింత్రా ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ మొహం ఆమెకు తెలుసు.

"అమ్మ" అన్నాడు మళ్ళీ, వేరే గొంతుతో. లేచి గుట్టవైపు నడవడం మొదలుపెట్టాడు.

* * *

ఇంట్లో ధన్‌రాజీ ఒక్కతే ఉంది, కళ్ళు కనిపించని మనిషి.

సుమింత్రా పరిగెత్తింది. ఆమె పరిగెత్తడం కూడా నేను మొదటిసారి చూశాను. బస్టాండులో లంబాసా బస్సు నిండా జనంతో బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. ఆమె వెళ్ళి సన్యాసి కిటికీ మీద కత్తి పిడితో కొట్టింది.

"అమ్మ దగ్గరికి! వచ్చాడు!"

వాడు ఒక్క మాట అడగలేదు. ఆమె, నేను ఎక్కామో లేదో బస్సు కదిలింది.

"ఒరేయ్, ఇది లంబాసా దారి కాదు!" అన్నారు వెనకనుంచి.

"ఇయ్యాల ఇదే దారి. దిగాలనుకున్నోళ్ళు దూకండి" అన్నాడు సన్యాసి.

బస్సు గుట్ట సగందాకానే ఎక్కింది. మిగతాది నడక. అడ్డదారిన వచ్చిన బిసేసర్ మాకంటే ముందే గడప దాటాడు. లోపలినుంచి ధన్‌రాజీ గొంతు వినిపించింది, ఏమాత్రం తొణకకుండా.

"వచ్చావా. నీ నడక మారలేదురా."

మేము గుమ్మంలోకి వచ్చేసరికి అతను చెక్క పీట పైకెత్తి ఉన్నాడు. ముసలామె చాపమీద కూర్చుని, పొర కమ్మిన కళ్ళతో అతనున్న వైపే మొహం పెట్టి ఉంది. చెయ్యి అడ్డం కూడా పెట్టుకోలేదు.

సన్యాసి నన్ను దాటి దూకబోయాడు. వాడికంటే ముందు సుమింత్రా వెళ్ళి మధ్యలో నిలబడింది. కత్తి ఎక్కడ పారేసిందో, ఉత్త చేతులతో ఉంది. ఒళ్ళంతా వణుకుతోంది. పళ్ళు టకటక కొట్టుకోవడం వినిపిస్తోంది. కాళ్ళ కింద చీర తడిసింది. ఆ సంగతి చెప్పొచ్చని ఆమే నాతో అంది, తర్వాత. "రాస్తే అది కూడా రాయక్కా. ధైర్యం వచ్చిందని రాయకు. రాలేదు" అంది.

"కొట్టు" అంది అతనితో. "నన్ను ముందు కొట్టు. మళ్ళీ పోయిందని ఈసారి ఎవరూ చెప్పరు. బయట బస్సెడు జనం ఉన్నారు."

నిజంగానే ఉన్నారు. గుమ్మం దగ్గర, కిటికీల దగ్గర, లంబాసా వెళ్ళాల్సిన వాళ్ళంతా. ఒకామె చంకలో కోడి కూడా ఉంది.

పీట అట్లాగే గాలిలో ఆగింది.

"అమ్మా, నా బతుకంతా తీసేశావు" అన్నాడు బిసేసర్. "ఒక్కరాత్రి కూడా నిద్రపోలేదు. పోలీసు పడవ కనిపిస్తే కొబ్బరి గుట్టల్లో దాక్కున్నాను. నా పిల్లలకి నా పేరేమిటో తెలియదు. చెయ్యని హత్యకి!"

"చేసేవాడివే" అంది ధన్‌రాజీ. "ఇంకొక దెబ్బ, అంతే. దానితో ఈ పిల్లా పోయేది, ఉరికి నువ్వూ పోయేవాడివి. రెండు ప్రాణాలు నిలబెట్టాను. బతుకులంటావా, నువ్వన్నది నిజమే. మూడూ పోయాయి. నాది కూడా."

అతను పీట దించాడు. దించి దానిమీదే కూర్చున్నాడు.  ధన్‌రాజీ చాపమీద పాకుతూ వెళ్ళి అతని మొహం వేళ్ళతో తడిమింది. నుదురు, ముక్కు, గడ్డం. "ముసలాడివైపోయావురా" అంది. అప్పుడు ఏడ్చింది.

సుమింత్రా మాత్రం ఆ మధ్యలోంచి కదలలేదు. సన్యాసి ఒక చేయిదూరంలో నిలబడి, "నీ ఎనకే ఉన్నాను. ముట్టుకోను. ఎనకే ఉన్నాను" అంటూ మెల్లగా చెబుతూనే ఉన్నాడు.

* * *

బిసేసర్ ఓడ బయలుదేరేదాకా గురుద్వారా పక్కన ఎవరి వసారాలోనో ఉన్నాడు. విడాకులకు అడ్డం చెప్పలేదు. పాత దెబ్బ సంగతి పోలీసులకు చెబుతావా అని లాయరు సుమింత్రాను అడిగాడు. చాలా ఆలోచించింది. "చెబితే అతను ఇక్కడే ఉంటాడు, జైల్లోనైనా. వెళ్ళిపోనివ్వండి. దూరంగా" అంది. క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు, ఆమె తరఫున నేనూ అనను.

అత్తతో మాటలు మళ్ళీ మొదలుకావడానికి వానాకాలం దాకా పట్టింది. అదీ పెద్ద మాటేం కాదు. తల దువ్వుతూ, "పేలున్నాయి" అంది. "ఉంటాయి మరి, ఎవరు చూస్తున్నారు?" అంది ముసలిది. అక్కడినుంచి నడిచింది. ధన్‌రాజీ ఆ ఏడు చివర నిద్రలో పోయింది. తలకొరివి సుమింత్రా పెట్టింది. ఆడది పెట్టకూడదని ఒకరిద్దరు గొణిగితే, పండితుడే వాళ్ళను ఊరుకోమన్నాడు.

పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. సన్యాసి కూతుళ్ళు సువానుంచి వచ్చారు. పెద్దది మొహం ముడుచుకునే ఉంది, చిన్నది సుమింత్రాకు పచ్చచీర తెచ్చింది. సుమింత్రా ఆ రంగు చీరలో బయటికి రావడానికి గదిలోంచి ఎంతకీ కదల్లేదు. "అందరూ చూస్తారక్కా" అంది. "చూడ్డానికే కదే కట్టింది" అన్నాను.

భయం పోయిందా అని అడుగుతారు నన్ను. పోలేదు. ఇప్పుడు బిసేసర్‌కి ఆమె ఉన్నదని తెలుసు, ఇల్లెక్కడో తెలుసు. ఓడ వచ్చిన రోజున ఆమె మార్కెట్టుకు రాదు. సన్యాసి ఇంటికొచ్చేటప్పుడు గుట్ట కిందనుంచే పాట ఎత్తుకుంటాడు. ఆ గొంతుతో పాట అంటే ఊరికి శిక్షే. అయినా ఎవరూ ఏమీ అనరు.

కిందటేడు ఓడలో ఒక చాప వచ్చింది. బిసేసర్‌తో ఉన్న కైవీతి ఆమె అల్లి పంపిందని ఓడ వంటవాడు చెప్పాడు. సన్నటి అల్లిక, అంచున రంగురంగుల ఊలు. సుమింత్రా దాన్ని వసారాలోనే ఉంచింది. లోపలికి తేలేదు, ఎవరికీ ఇవ్వలేదు. "బాగుంది కదా, లోపల పరుచుకో" అన్నాను ఒకసారి.

"ఆవిడని కూడా కొడతాడేమో అక్కా" అంది.

నాకు ఆ ఆలోచనే రాలేదు. ఆమె మాత్రం ఆ చాప వచ్చిన రోజునుంచీ అదే ఆలోచిస్తోందట. ఓడ వంటవాడిని మళ్ళీ వచ్చినప్పుడు అడగాలట, ఆమె ఎట్లా ఉందో, ఒంటిమీద ఏమైనా గుర్తులున్నాయేమో. అడగాలంటే ఓడ రోజున రేవుకు పోవాలి.

పోయిన నెల రేవుకు వెళ్ళింది. సన్యాసి పక్కనే ఉన్నాడు, నేనూ ఉన్నాను. ఓడ తాడు వేసేసరికి ఆమె నా మణికట్టు పట్టుకున్న పట్టుకు గాజు విరిగింది. అయినా వంటవాడు దిగేదాకా నిలబడింది.